పడవ బరువు

ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండకపోవచ్చు, దువ్వెన ఉండకపోవచ్చు గాని, బెత్తెడు పొడవున్న స్టీలు స్కేలు మాత్రం ఉండి తీరాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా కళ్ళద్దాల షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తున్న మనిషి. గదంటే పెద్ద గదేం కాదు. ఒక బల్ల, తిరిగే సానరాయి, చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారే గొట్టం, తలకు తగిలేంత కిందికి వేలాడే బల్బు, అంతే. ముందు గదిలో జనం అద్దంలో మొహాలు చూసుకుని మురిసిపోతూ ఫ్రేములు ఎంచుకుంటారు. ఆ ఫ్రేములో అద్దం ఇమడాలంటే వెనక గదిలో ఈయన ఒప్పుకోవాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా మళ్ళీ సానకు పట్టేవాడు. "కస్టమరుకు తెలియదు లెండి" అని షాపు యజమాని అంటే, "నాకు తెలుసు కదండీ" అనేవాడు.

ఆయనకు "మిల్లీమీటర్" అని పేరు పెట్టింది స్వయానా బామ్మర్ది, అంటే భార్యకు తోడబుట్టిన తమ్ముడు. పెట్టి ఊరుకోలేదు, సముద్రపొడ్డున అందరికీ చాటి చెప్పాడు. బావగారు మాత్రం తక్కువ తిన్నాడా? బామ్మర్దికి "లంగరు" అని తగిలించాడు. తొంభై ఎనిమిది కిలోల మనిషికి అంతకంటే మంచి పేరు ఏం దొరుకుతుంది? లంగరు స్కూలు బస్సు డ్రైవరు. పొట్టకూ స్టీరింగుకూ గొడవ రాకుండా సీటును చివరికంటా వెనక్కి జరుపుకుని తోలేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "పక్కన చోటేదండీ, రెండు సీట్లూ నేనే కూర్చుంటే" అనేవాడు. అక్కా బావల ఇంటి మేడ మీద ఒంటిగదిలో ఉండి, కింద భోంచేసేవాడు. మిల్లీమీటర్ బరువు ఎంతంటారా? యాభై మూడు. ఇద్దరూ పక్కపక్కన నడిచొస్తుంటే పది అంకె నడిచొస్తున్నట్టుండేది.

ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పిచ్చి ఒకటే, పడవ. పదమూడేళ్ళ కిందట ఒక పళ్ళ డాక్టరు ఊరు మారిపోతూ ఒడ్డున వదిలేసిన జంటపడవ అది. క్యాటమరాన్ అంటారే, ఆ రకం. పదహారడుగుల సన్నటి దోనెలు రెండు, వాటిని కలుపుతూ అడ్డంగా కడ్డీలు, మధ్యలో నవారు మంచంలా లాగి బిగించిన గుడ్డ, పైన పొడవాటి స్తంభం, తెరచాప. ఇంజను లేదు, నీడ లేదు, వీపు ఆనించుకునే సుఖం కూడా లేదు. వీళ్ళు చూసేసరికి దాని చుట్టూ గడ్డి మొలిచి, పగుళ్ళలో పీతలు కాపురం పెట్టాయి. ఇంటి పక్క సందులో పెట్టుకుని రెండేళ్ళు బాగుచేశారు. మిల్లీమీటర్ పగుళ్ళు కొలిచేవాడు, లంగరు మోసేవాడు, ఇంటావిడ తాను కుడుతున్న స్కూలు యూనిఫారాలు పక్కన పెట్టి తెరచాపకు అతుకులు వేసేది. "మొగుడూ తమ్ముడూ కలిసి నా నెత్తి మీదికో సవతిని తెచ్చారు" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది గాని, ప్రతి అతుకుకూ రెండు వరుసల కుట్టు వేసేది. అలా రెండు వరుసలు పక్కపక్కనే, గీత గీసినట్టు వేసే కుట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు.

వాళ్ళ సంవత్సరం చలితో మొదలయ్యేది. ఎండల్లో ఆ తీరమంతా ఈతకొచ్చిన జనం, గొడుగులు, బంతులు. పడవలు దించడానికి వీల్లేదు. చలి పడితే జనం సర్దుకుపోతారు. గాలి పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒకే వైపు నుంచి మాట తప్పకుండా వస్తుంది. ఆదివారం ఎనిమిదింటికల్లా బావాబామ్మర్దులు రబ్బరు సూట్లు తొడుక్కుని, పడవ కిందికి రెండు చక్రాల బండి తోసి, ఇసుకలో దాన్ని నీళ్ళ దాకా నడిపించుకెళ్ళేవాళ్ళు. దోనెల వెనక చెరో కన్నం ఉంటుంది, లోపలి తడి ఆరడానికి. వాటికి బిరడాలు బిగించడం మిల్లీమీటర్ వంతు. ఒకసారి బిగించి, ఒకసారి తడిమి, నీళ్ళ దగ్గరికి వెళ్ళాక మళ్ళీ వంగి చూసేవాడు. పడవ ముక్కు గాలికి ఎదురు తిప్పి తెరచాప ఎత్తేవాళ్ళు. లంగరు నడుంలోతు నీళ్ళలో నిలబడి ముక్కు పట్టుకుంటే, అల వచ్చి కొట్టినా పడవ జానెడు జరిగేది కాదు. బావ పైకెక్కి చుక్కానులు దించి, తెరచాప తాడు అందుకుని, రెండు అలల మధ్య సందు చూసి "ఊఁ" అనేవాడు. లంగరు ఒక్క తోపు తోసి ఎగిరి ఎక్కేవాడు. ఆ ఎక్కడంలో అవతలి వైపు బావ జానెడు ఎగిరి పడేవాడు.

ఆ తర్వాత రెండు గంటలు ఇద్దరికీ ఇల్లూ షాపూ బస్సూ ఏవీ గుర్తుండేవి కావు. చేతులు కొంకర్లు పోయేవి, ముక్కులు కారేవి, ఉప్పునీళ్ళు కళ్ళలో కొట్టేవి, అయినా ఇద్దరూ పెళ్ళికొడుకుల్లా నవ్వుతూ కూర్చునేవాళ్ళు. గాలి వచ్చే వైపు దోనె మీద కూర్చునేది ఎప్పుడూ లంగరే. అది అతని చోటు. గాలి ఎంత కొట్టినా ఆ దోనె నీళ్ళు వదిలి లేచేది కాదు, లంగరు సరదా పడి లోపలికి జరిగితే తప్ప.

ఆ తీరానికి ఒక రూలుంది. కాపలా చూసే ఆవిడ మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి అందరూ విజిల్ మేడమ్ అంటారు. ప్రాణం పోయినా ఆవిడ ఆ రూలు సడలించదు. చలి పడ్డ మొదటి ఆదివారం ప్రతి జంటా తమ పడవను ఒడ్డుకు దగ్గర్లోనే కావాలని పక్కకు పడేసి, పది నిమిషాల్లో మళ్ళీ నిలబెట్టి చూపించాలి. చల్లటి నీళ్ళలో పది నిమిషాలు దాటితే వేళ్ళు మాట వినవు. తాడు చేతిలో ఉందో లేదో తెలియదు. ఇక ఆ పడవ లేవదు, మనుషులు తిరిగి రారు. అలా రాని జంట ఒకటి ఉంది. వాళ్ళను ఒడ్డుకు లాగింది ఈ మేడమే.

పడవను లేపడానికి కావలసింది బలం కాదు, బరువు. పడిపోయిన జంటపడవలో ఒక దోనె నీళ్ళలో ఉంటుంది, ఇంకోటి గాలిలో ఉంటుంది. కింది దోనె మీద ఇద్దరూ నిలబడి, పై దోనె మీదుగా వేసిన తాడు పట్టుకుని వెనక్కి వేలాడాలి. నీళ్ళ మీద పరుచుకున్న తెరచాప కాస్త లేచిందంటే గాలి దాని కిందికి దూరి మిగతా పని తనే చేసిపెడుతుంది. ఆ కాస్త లేవడానికి ఇద్దరిదీ కలిపి నూట నలభై కిలోలుండాలి. వీళ్ళు నూట యాభై ఒకటి. పదేళ్ళుగా ఈ పరీక్ష వాళ్ళకు తమాషా. నాలుగు నిమిషాల్లో నిలబెట్టేసి లంగరు మేడమ్ వైపు సెల్యూట్ కొట్టేవాడు. తప్పిన వాళ్ళకు నాలుగు వారాల తర్వాత ఇంకొక్క అవకాశం. అదీ తప్పితే ఆ చలికాలమంతా పడవకు గొలుసే.

ఈ ఏడు మొదటి ఆదివారం లంగరు గుబురు గడ్డంతో వచ్చాడు. "చలికి మఫ్లరెందుకు బావా, ఇది ఊరికే మొలుస్తుంటే" అన్నాడు. రబ్బరు సూటు కింద మూడు స్వెట్టర్లు వేసుకున్నాడు. పడవను పడేశారు, కింది దోనె మీద నిలబడ్డారు, తాడు పట్టి వేలాడారు. స్తంభం కొస నీళ్ళు వదిలి మూరెడు లేచింది. అక్కడ ఆగింది.

"వెనక్కి పడరా!" అని బావ అరిచాడు.

"పడ్డానుగా బావా!"

స్తంభం మెల్లగా మళ్ళీ నీళ్ళలోకి వాలింది. నాలుగుసార్లు అంతే. పదో నిమిషానికి విజిల్ మోగింది. మేడమ్ మోటారు పడవలో వచ్చి, తాడు కట్టి, లాగి నిలబెట్టింది. మిగతా జంటలన్నీ ఒడ్డున నిలబడి చూస్తున్నాయి. మిల్లీమీటర్‌కు తల కొట్టేసినట్టయింది. పళ్ళు టకటకలాడుతుండగానే తీర్పు చెప్పేశాడు.

"పడవలోకి నీళ్ళు దిగుతున్నాయిరా. బరువెక్కింది."

"అవును బావా," అన్నాడు లంగరు వెంటనే. "అదే అయ్యుంటుంది."

ఇవాళ ఆదివారం అని బావ అంటే కేలెండరు చూడకుండా ఒప్పుకునే రకం కాదు లంగరు. అలాంటివాడు వెంటనే అవునన్నాడు. అది వింతగా ఉందన్న సంగతి ఆ క్షణాన మిల్లీమీటర్‌కు తట్టలేదు. తట్టి ఉంటే జరగాల్సింది ఆగేదని కాదు లెండి.

ఇక మొదలైంది వెతుకులాట. షాపు నుంచి ఒడ్డున పడవలు పెట్టే షెడ్డుకు ఆరు నిమిషాల నడక. మధ్యాహ్నం భోజనం గంట మొత్తం అక్కడే. పాత బిరడాలు పారేసి, తన సానరాయి మీదే అరగదీసి కొత్తవి తెచ్చాడు. దోనెల కన్నంలోంచి సైకిలు పంపుతో గాలి కొట్టి, పైన సబ్బునీళ్ళు పూసి, ఎక్కడ బుడగ లేస్తుందా అని కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడు. ఎక్కడా లేవలేదు. అందుకు ఆయన సంతోషించలేదు సరికదా, అనుమానం ఇంకా పెరిగింది. స్తంభంలో నీళ్ళు నిలిచాయేమోనని నలుగురిని పిలిచి దాన్ని తలకిందులు చేయించాడు. చుక్క రాలలేదు. అయినా దాని కొసన కొత్తగా లప్పం పెట్టాడు. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే గోల. ఇంటావిడ వడ్డిస్తూ వినేది.

"వాడు తిన్నాడా?" అని అలవాటుగా అడిగేవాడు.

"తిన్నాడు" అనేది ఆవిడ.

లంగరు తెల్లారి ఐదింటికే బస్సు తీయాలి కాబట్టి ఏడింటికల్లా తిని మేడెక్కేసేవాడు. బావ షాపు మూసి వచ్చేసరికి తొమ్మిది. ఒకే ఇంట్లో తింటున్నా ఒకరి కంచం ఒకరు చూసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ తెలియదు.

చివరికి పడవను ఊడదీసి తూచాల్సిందేనని పట్టుబట్టాడు. తీరం రోడ్డుకు అవతల పాత ఇనుప సామాను కొట్టుంది. అక్కడ నేల మీద పెద్ద కాటా ఉంది. దోనెలు, కడ్డీలు, స్తంభం, గుడ్డ, చుక్కానులు, ఒక్కొక్కటే మోసుకెళ్ళి తూచారు. అన్నీ కలిపి నూట నలభై ఆరు కిలోల మూడు వందల గ్రాములు. మిల్లీమీటర్ దోనె పైనున్న చిన్న మూత తిప్పి తీసి, దాని లోపలి వైపు చూశాడు. పదకొండేళ్ళ కిందట మొదటిసారి తూచినప్పుడు తన చేత్తో పెన్సిలుతో రాసుకున్నది చెక్కుచెదరకుండా ఉంది. నూట నలభై ఆరు. ఆ మూడు వందల గ్రాములూ కొత్త లప్పానివి.

ఇంకెవరైనా అయితే అక్కడితో పడవను వదిలేసి ఇంకోవైపు చూస్తారు. ఈయన ఏమన్నాడో తెలుసా? "మీ కాటా తప్పు చూపిస్తోందండీ" అన్నాడు.

కొట్టాయన ఒంటికాలి మీద లేచాడు. "నా కాటానే అంటారా? ఎక్కండి! మీరెక్కండి ముందు!"

ఎక్కాడు. యాభై మూడు.

"మీరెంతుంటారు?"

"యాభై మూడే."

"మరింకేం? మీ బామ్మర్దిగారిని కూడా ఎక్కమనండి, అదీ తేలిపోతుంది."

లంగరు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనెక్కితే మీ కాటా కూడా పాత ఇనుములో కలుస్తుందండీ. మీ నోట్లో మట్టి కొట్టడం నాకెందుకు?" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మిల్లీమీటర్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

చెప్పొద్దూ, ఈయన మీద ఒళ్ళు మండేది ఇక్కడే. వెంట్రుక వాసి తేడాను వేలి కొసతో తడిమి పట్టే మనిషి, ఎదురుగా నిలబడ్డ బామ్మర్ది ప్యాంటు తాడుతో కట్టి ఉండటం చూడలేదు. గడ్డం కింద దవడలు ఏమయ్యాయో చూడలేదు. అయితే ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. పడవకు జబ్బు చేస్తే బిరడా మార్చొచ్చు, లప్పం పెట్టొచ్చు. లోపలెక్కడో తెలిసే ఆయన పడవ వైపు చూస్తూ కూర్చున్నాడేమో.

రెండో పరీక్షనాడు గాలి బాగుంది. లంగరు సూటు ముందే తొడుక్కుని వచ్చాడు, నడుం దగ్గర బాగా లావుగా కనిపించాడు. పడవను పడేశారు. తాడు పట్టారు. స్తంభం మూరెడు లేచింది, అక్కడ వణికింది, ఆపైన ఇంకో బెత్తెడు లేచింది. తెరచాప కిందికి గాలి దూరింది. పడవ మొత్తం ఒక్కసారిగా తిరిగి నిలబడింది. తొమ్మిది నిమిషాలు. మిల్లీమీటర్ చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. లంగరు సెల్యూట్ కొట్టలేదు. అడ్డకడ్డీ మీద బోర్లా పడి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా సముద్రం మీదే ఉన్నారు. నీళ్ళు నల్లగా, చల్లగా, అద్దంలా ఉన్నాయి. "లప్పంరా! లప్పంతో పోయింది బరువు!" అని బావ పదిసార్లు అని ఉంటాడు. పదిసార్లూ లంగరు "అవును బావా" అన్నాడు.

ఇంటికొచ్చాక, ఆ సంబరంలో మిల్లీమీటర్ ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేశాడు. తడి సూట్లు తనే ఉతుకుతానని సంచీలు రెండూ పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. లంగరు సంచీని మాత్రం ఈడ్చుకెళ్ళాల్సి వచ్చింది. విప్పి చూశాడు. సూటు కింద ఒక బెల్టు. మందపాటి గుడ్డతో కుట్టిన ఎనిమిది జేబులు, ఒక్కో జేబు నిండా తడి ఇసుక. గుడ్డ అంచున రెండు వరుసల కుట్టు, గీత గీసినట్టు.

బెల్టు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఇంటావిడ మిషను దగ్గరుంది.

"ఇదేంటి?"

ఆవిడ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపింది. ఏదో అబద్ధం చెబుదామన్నట్టు చూసింది గాని, చెప్పలేదు.

"పన్నెండు కిలోలు పడుతుంది," అంది. "వాడు కొలత చెప్పాడు, నేను కుట్టాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటండీ? వాడిప్పుడు ఎనభై కూడా లేడు."

కడుపులో గడ్డ. ఎండలు ముదిరినప్పుడే తెలిసిందట. అప్పటికే లోపలంతా పాకింది, కోసినా లాభం లేదు, చలి వెళ్ళేదాకా ఉంటే గొప్పే అన్నాడట డాక్టరు. బస్సు మానేసి రెండు నెలలైంది. తెల్లారి ఐదింటికి బస్సుకు వెళ్ళినట్టే వెళ్ళి, షెడ్డులో పడవ పక్కన పడుకుని, ఎండెక్కాక వస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మిల్లీమీటర్.

"చెబితే వాణ్ణి పడవ ఎక్కించేవారా?"

ఎక్కించేవాడు కాదు. కొలిచి, లెక్కకట్టి, వద్దనేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"డాక్టరు దగ్గర వాడికివ్వడానికి ఏమీ లేదండీ," అంది ఆవిడ. "ఉన్నది ఆ పడవొక్కటే. అదీ లేదు పోరా అని అక్కనై ఉండి నేనెలా అనను?" మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఏడవలేదు. బెల్టు తిప్పి కొక్కెం ఎటుందో చూస్తున్నాడు. వీపు వైపుంది. పడవ నిజంగా దూరాన పడిపోతే, చల్లబడ్డ వేళ్ళతో లంగరు దాన్ని విప్పుకోలేడు. లైఫ్ జాకెట్ ఎంత మోస్తుంది, ఇసుక ఎంత లాగుతుంది అని ఎవరూ అడక్కుండానే ఆయన బుర్ర లెక్క వేసేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి తన బుర్ర మీద ఆయనకు అసహ్యం వేసింది.

మరుసటి ఆదివారం షెడ్డులో లంగరు సంచీ విప్పి చూసుకుంటే బెల్టు లేదు. సంచీ బోర్లించాడు, బల్ల కింద చూశాడు. మిల్లీమీటర్ తన సూటు జిప్పు కిందికి లాగి చూపించాడు. బెల్టు ఆయన నడుముకుంది. కొక్కెం ముందు వైపుంది.



"నీకు వదులవుతుంది బావా" అన్నాడు లంగరు.

"లోపలికి మడిచి కుట్టించాను."

"అక్క చెప్పిందా?"

"కుట్టు చూస్తే తెలియదట్రా?"

"నీ నడుం విరుగుతుంది."

"నా నడుం, నా ఇష్టం. ఇద్దరిదీ కలిపి ఎంతన్నదే కదా కావాలి, ఎవరి ఒంటి మీదుంటే ఏం? నువ్వు నిన్నటికి ఎంతున్నావు?"

"డెబ్బై ఎనిమిది."

"నూట నలభై మూడు. మూడు కిలోలు మిగులు. పద."

"మూడు కిలోలే! మనంత కలిగినవాళ్ళు లేరు బావా" అన్నాడు లంగరు. ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే మిల్లీమీటర్ మొహం తిప్పుకుని బిరడాలు బిగించడానికి పోయాడు. ఆ రోజు వాటిని ఐదుసార్లు తడిమి చూశాడు.

అలా మూడు ఆదివారాలు. డెబ్బై ఎనిమిది, డెబ్బై ఐదు, డెబ్బై రెండు. ప్రతి శనివారం ఇంటావిడ బెల్టుకు ఇంకో రెండు జేబులు కుట్టేది. పద్దెనిమిది కిలోల ఇసుకతో ఆ సన్నటి మనిషి ఇసుకలో నడుస్తుంటే మోకాళ్ళు కటకటలాడేవి. గాలి మెత్తగా ఉన్నప్పుడే వెళ్ళేవాళ్ళు, ఒడ్డు కనిపించేంత దూరంలోనే తిరిగేవాళ్ళు. నొప్పి వచ్చినప్పుడు లంగరు మధ్య గుడ్డ మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేవాడు. బావ చుక్కాని పట్టుకుని, "ఎడమ పక్క పక్షులున్నాయిరా, నీలం పడవ వాళ్ళు మలుపు తిరగలేక చస్తున్నారు" అంటూ చూసిందల్లా చెప్పేవాడు. నొప్పి తగ్గితే లంగరు లేచి తన చోట్లోకి వెళ్ళి కూర్చునేవాడు. ఏదో ఒక అద్భుతం జరుగుతుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. వచ్చే ఆదివారం దాకా ఉంటే చాలనుకునేవాళ్ళు.

నాలుగో ఆదివారం లంగరు నీళ్ళలో నిలబడి పడవ ముక్కు పట్టుకున్నాడు. పెద్ద అలేం కాదు, మోకాలెత్తు. అది తగలగానే అతను వెల్లకిలా పడ్డాడు. పడవ అడ్డం తిరిగి అతని మీదుగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. విజిల్ మోగింది. మేడమ్ పరుగెత్తుకొచ్చి చంకలకింద చేతులు వేసి అతన్ని లేపింది. లేపడానికి గట్టిగా ఊపిరి బిగబట్టింది పాపం, తొంభై ఎనిమిది కిలోలనుకుని. లేపాక అలాగే నిలబడిపోయింది. తర్వాత మిల్లీమీటర్ దగ్గరికి వచ్చి నడుం మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఏంటండీ ఇది? చచ్చిపోదామనుకుంటున్నారా ఇద్దరూ?"

"ఒక్కణ్ణేనండీ," అన్నాడు లంగరు తడి ఇసుకలో కూర్చుని దగ్గుతూ. "మా బావ ఊరికే సాయం వస్తున్నాడు."

మేడమ్ తిట్టలేదు. పడవను షెడ్డులోకి తోయించి గొలుసు తనే వేసింది. వేస్తున్నంతసేపూ వాళ్ళవైపు చూడలేదు.

ఆ తర్వాత లంగరు మేడ దిగలేకపోయాడు. మిల్లీమీటర్ రోజూ మధ్యాహ్నం భోజనం గంటలో ఒడ్డుకు వెళ్ళి, గాలి ఎటుందో, అల ఎంతుందో చూసి, ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పి మళ్ళీ షాపుకు పరుగెత్తేవాడు. షాపులో ఒక అద్దం తేడాగా అరిగింది. యజమాని చూపించాడు. "కస్టమరుకు తెలియదు లెండి" అన్నాడు మిల్లీమీటర్. యజమాని ఆశ్చర్యపోయి, ఆ అద్దాన్ని పక్కన పెట్టాడు.

చలి తగ్గుముఖం పట్టిన ఆదివారం లంగరు అడిగాడు, పడవ మీద ఒక్కసారి కూర్చుంటానని. అక్కా బావా బండి మాట్లాడి తీసుకెళ్ళారు. మేడమ్ గొలుసు తీసింది. "చక్రాలు నీళ్ళలోకి దిగకూడదు" అంది, అంతే. పడవను చక్రాల బండి మీదే నీళ్ళ అంచు దాకా తోసి, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, తెరచాప ఎత్తారు. అది పటపట కొట్టుకుంటోంది. లంగరును ఎత్తి కూర్చోబెట్టింది మిల్లీమీటర్ ఒక్కడే. రెండో మనిషి అవసరం పడలేదు.

"మధ్యలో కూర్చోరా" అన్నాడు.

"నా చోటు అదా?"

గాలి వచ్చే వైపు దోనె మీద కూర్చోబెట్టారు. అక్క దుప్పటి కప్పింది. లంగరు తెరచాప తాడు అందుకుని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

"ముక్కు కాస్త పక్కకు తిప్పు బావా. ఒక్కసారి తెరచాప నిండనీ."

తిప్పారు. లంగరు తాడు లాగాడు. పటపటలాడడం ఆగిపోయి, గుడ్డ నిండా గాలి నిండింది. పడవ బండి మీద కిర్రుమంది. అప్పుడు లంగరు కూర్చున్న వైపు దోనె, అతనితో సహా, బండి మీది నుంచి మెల్లగా పైకి లేచింది. జానెడు, మూరెడు. పదకొండు చలికాలాల్లో ఆ మనిషి కింద ఆ దోనె తనంతట తాను లేవడం అదే మొదలు.

"తాడు వదలరా! ఒరేయ్, వదులు!" అని మిల్లీమీటర్ పరుగెత్తాడు.

లంగరు వదల్లేదు. పైన కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు.

"చూశావా బావా," అన్నాడు. "పడవ తేలికైపోయింది. నీ లప్పం పనిచేసింది."

మిల్లీమీటర్ దోనె అంచు రెండు చేతులా పట్టుకుని, ఉన్న యాభై మూడు కిలోలూ దానికి వేలాడేసి, గాలి తగ్గేదాకా అలాగే ఉన్నాడు.